ఇద్దరు కలిసి ఇంట్లో వీడియో గేమ్ మిషన్ కట్టుకోవాలంటే: పలక నుంచి ప్లగ్గు దాకా

పాత వీడియో గేమ్ షాపుల్లో ఉండేలాంటి మిషన్ ఇంట్లో పెట్టుకోవాలని ఆశపడేవాళ్లు ఎక్కువమంది ముందు రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ కొంటారు. గేములు ఎక్కిస్తారు, టీవీకి తగిలిస్తారు, నాలుగు రోజులు ఆడతారు. పెట్టె సంగతి అటకెక్కుతుంది. అందుకని ఇక్కడ వరస తిరగేసి చెబుతున్నాను. ముందు స్టిక్కులూ బటన్లూ ఉండే పలక, తర్వాత ఆ పలక కొలతకు పెట్టె. కంప్యూటర్ ఆఖర్న, ఎందుకంటే అన్నిట్లోకీ తేలిక పని అదే.

తోడు లేకుండా దీనికి దిగొద్దు. ప్లైవుడ్ షీటుకు రెండో కొస పట్టుకునే మనిషి ఎలాగూ కావాలి. అంతకంటే ముఖ్యం, ఇది ఇద్దరు పక్కపక్కన నిలబడి ఆడేది. ఒక్కడి భుజాల కొలతతో కడితే రెండోవాడు ఇరుక్కుంటాడు. నాకు నెల్లూరు వేదాయపాళెంలో ఉండే స్నేహితుడు దొరికాడు. వాడి చెయ్యి చెక్కపని వైపు, నాది తీగల వైపు. మీ ఇద్దరికీ చెక్కపని రాకపోతే కార్పెంటర్‌ను పెట్టుకోండి, తప్పేం లేదు. పలక కొలతలు మాత్రం మీరిద్దరే నిలబడి తీసుకోవాలి.

ముందు ఆటల జాబితా

ఇద్దరూ కూర్చొని మీకు కావాల్సిన ఆటలు రాసుకోండి. ఎన్ని బటన్లు పెట్టాలో ఆ కాగితమే చెబుతుంది. ప్యాక్-మ్యాన్ (1980)కు స్టిక్కు చాలు, బటనే అక్కర్లేదు. మనవాళ్లంతా ముస్తఫా అని పిలిచే క్యాప్‌కామ్ వారి కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ (1993)కు కొట్టడానికొకటి, ఎగరడానికొకటి చాలు. మెటల్ స్లగ్ (1996)కు మూడు. స్ట్రీట్ ఫైటర్ 2 (1991) దగ్గరికొచ్చేసరికి గుద్దులు మూడు రకాలు, తన్నులు మూడు రకాలు, మొత్తం ఆరు. అది జాబితాలో ఉంటే మనిషికి ఆరు బటన్లు, లేకపోతే నాలుగు సరిపోతాయి. ఎనిమిది పెట్టించుకునే వాళ్లున్నారు, మిగిలిన రెండూ దుమ్ము పట్టడానికే.

వీటికి తోడు మనిషికొక స్టార్టు, ఒక కాయిన్ బటన్ కావాలి. ఆటలోంచి బయటికి రావడానికి ఇంకొకటి విడిగా ఉండాలి. దాన్ని పలక మీద పెట్టకండి, పెట్టె వెనకో పక్కనో పెట్టండి. పలక మీదుంటే చిన్నపిల్లలు మొదట నొక్కేది దాన్నే.

నిలువెత్తు మిషనా, టేబుల్ మీద పెట్టేదా అన్నది తర్వాతి ప్రశ్న. మొదటిసారి చేసేవాళ్లకు టేబుల్ రకమే మేలు. ఆరడుగుల పెట్టెను మన ఇళ్ల మెట్లు తిప్పి పైకెక్కించడం ఒక తంటా, రేపు అద్దిల్లు మారేటప్పుడు ఇంకో తంటా. డైనింగ్ టేబుల్ ఎత్తు 30 అంగుళాలు. దాని మీద పెట్టిన మిషన్ పలక ఇంకో ఐదారు అంగుళాలు లేస్తుంది. పెద్దవాళ్లు నిలబడి ఆడటానికి ఆ ఎత్తు సరిగ్గా సరిపోతుంది. పిల్లలకు కుర్చీ వేయండి.

కిట్టు కొనడం

ప్లైవుడ్ కంటే ముందు కొనాల్సింది ఇద్దరి కిట్టు: రెండు స్టిక్కులు, బటన్లు, తీగలు, రెండు యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డులు (బటన్ నొక్కితే ఆ సంగతి కంప్యూటర్‌కు అందించేవి). ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నెల్లూరు వాళ్లకు చెన్నై దగ్గరే కాబట్టి పొద్దున్నే రైలెక్కి సెంట్రల్‌లో దిగితే రిచీ స్ట్రీట్ అక్కడికి దగ్గర. స్టిక్కు చేతిలో పట్టుకొని చూసి కొనే అవకాశం ఉంటే వదులుకోవద్దు. ఒంగోలు, మార్కాపురం వైపు వాళ్లకు ఆన్‌లైనే నయం.

చూసుకోవాల్సినవి మూడు. ఒకటి, ఆట బటన్లు 30 మిల్లీమీటర్లవి, స్టార్టు, కాయిన్ బటన్లు 24 మిల్లీమీటర్లవి తీసుకోండి. రెండు, బటన్ కింద మర, నట్టు ఉండాలి. క్లిప్పులతో బిగుసుకునే రకం పల్చటి ఇనుప రేకులకు, అక్రిలిక్‌కు చేసినది, చెక్కలో నిలవదు. మూడు, స్టిక్కు ఊచ పొడవు. ఎక్కువ కిట్లలో వచ్చేవి పొట్టి ఊచ స్టిక్కులు. 18 మిల్లీమీటర్ల చెక్క కింద బిగిస్తే గుండు పలకకు ఆనుకొని ఉంటుంది, వేళ్లు పట్టవు. దీనికి మందు చెక్కపని దగ్గర చెబుతాను.

డబ్బు తక్కువైతే కోత మానిటర్ మీద పెట్టండి, స్టిక్కు మీద వద్దు. మానిటర్ పాతదైనా ఆట ఆగదు. స్టిక్కు లూజైతే ప్రతి ఆటలోనూ తెలుస్తుంది.

అట్ట మీద ఆడి చూడండి

ఈ మెట్టును దాటేయొద్దు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఒకటి సంపాదించండి. 26 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల లోతున ముక్క కోసి, దానికి నిజం బటన్లు, నిజం స్టిక్కులే బిగించండి. మందపాటి అట్టయితే మర నట్టు బాగానే పట్టుకుంటుంది. ఎన్‌కోడర్లను ల్యాప్‌టాప్‌కు తగిలించి ఇద్దరూ ఒక సాయంత్రం ఆడండి.

మొదలుపెట్టడానికి నేను వాడే కొలతలివి. స్టిక్కు మధ్య నుంచి మొదటి బటన్ మధ్యకు 65 మిల్లీమీటర్లు. బటన్ నుంచి బటన్‌కు 36. కింది వరసకూ పై వరసకూ మధ్య 39. కింది వరస పలక ముందంచుకు 75 మిల్లీమీటర్ల లోపలికి ఉండాలి, లేకపోతే మణికట్టు గాల్లో వేలాడుతుంది. రెండు స్టిక్కుల మధ్య 12 అంగుళాలు. వేళ్లు మూడూ ఒకే పొడవు కాదు కాబట్టి మధ్య, కుడి బటన్లను మొదటిదానికంటే కొంచెం పైకి జరపండి. ఎంత పైకి అన్నది మీ చేతిని అట్ట మీద పరిచి, వేళ్ల కొసల దగ్గర పెన్సిల్‌తో గీసుకుంటే తెలిసిపోతుంది.

అట్ట మీద ఆడేటప్పుడు బయటపడేది మోచేతుల తగాదా. ఎడమవైపు ఆడేవాడి కుడి చెయ్యి బటన్ల మీదుంటుంది, కుడివైపు వాడి ఎడమ చెయ్యి స్టిక్కు మీదుంటుంది. ఈ రెండు చేతులూ పక్కపక్కన పడతాయి. మావాడు మొదటి ఆటలోనే అన్నాడు:

"రేయ్ మామా, నీ మోచెయ్యి నా స్టిక్కు మీదికి వస్తా ఉందిరా."

"నువ్వు ఆ పక్కకి జరుగు."

"నేను జరిగితే బొమ్మ ఎట్టా కనపడద్ది? పలకే జరుపు."

వాడన్నదే సరైన మాట. మొదటివాడి చివరి బటన్‌కూ రెండోవాడి స్టిక్కుకూ మధ్య కనీసం 6 అంగుళాలు వదలండి. పై కొలతల్లో ఆ ఖాళీ ఉంది, మీ ఇద్దరిలో ఒకరు భారీ మనిషైతే ఇంకో అంగుళం పెంచండి. కొందరు రెండు వైపుల పలకల్నీ చీపురు విప్పినట్టు ఏటవాలుగా తిప్పుతారు. నాకది నచ్చదు. స్టిక్కు పైకి తోస్తే తెర మీద బొమ్మ పైకే పోవాలి. పలక వంకరగా ఉంటే చెయ్యి తడబడి మూలకు తోస్తుంది.

ఇద్దరికీ కుదిరిన అట్టను పారేయొద్దు. అదే మీ నమూనా, ప్లైవుడ్ మీద పెట్టి గీసుకోవాల్సింది దాన్నే.

చెక్క ఎంపిక

ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసే షీటు) జోలికి పోవద్దు. నునుపుగా ఉంటుంది, కోయడం తేలిక, అమెరికా వాళ్ల వీడియోల్లో అంతా అదే కనిపిస్తుంది. మన వానాకాలం గాలికి అది అంచుల దగ్గర నీరు పీల్చి ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే మళ్లీ మామూలు కాదు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో మరీ కష్టం.

ప్లైవుడ్‌లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) గ్రేడు తీసుకోండి. షీటు మీద ఐఎస్ 303 ముద్ర చూసి ఊరుకోకండి. ఎంఆర్ (తేమను మాత్రమే తట్టుకునేది), బీడబ్ల్యూఆర్ రెండూ ఆ నంబరు కిందే వస్తాయి, గ్రేడు కూడా చదవాలి. ఐఎస్ 710 ముద్ర ఉన్నది ఇంకా గట్టిది, కిచెన్ కప్‌బోర్డులకు వాడేది. ఇంట్లో చెదల బెడద ఉంటే ఆ ఖర్చు పెట్టొచ్చు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న 12 మిల్లీమీటర్ల షీటు ఒక్కటి తీసుకుంటే టేబుల్ మిషన్‌కు సరిపోయి ముక్కలు మిగులుతాయి. పలక పైభాగానికి మాత్రం 6 మిల్లీమీటర్ల ముక్క ఒకటి కావాలి. అది కార్పెంటర్ దగ్గర తుక్కులోనే దొరుకుతుంది.

పక్క పలకల ఆకారం

పెట్టె రూపమంతా రెండు పక్క పలకల్లోనే ఉంది. కిందివైపు లోతు 20 అంగుళాలు, మొత్తం ఎత్తు సుమారు 25. ముందువైపు కింది మూల నుంచి గీత మొదలుపెట్టి నిలువుగా 5 అంగుళాలు పైకి రండి. అక్కడ్నించి వెనక్కి 9 అంగుళాలు, ఆ పోకలో ఒక్క అంగుళం పైకి లేవాలి. ఇది బటన్ల పలక కూర్చునే వాలు. అక్కడ్నించి తెర కోసం 15 అంగుళాల ఏటవాలు గీత. పైకి పోయేసరికి నాలుగున్నర అంగుళాలు వెనక్కి వాలాలి. తర్వాత పేరు బోర్డు కోసం 2 అంగుళాలు ముందుకు తిరిగి, 5 అంగుళాలు పైకి. మిగిలింది పైకప్పు, వెనక గోడ.

ఈ బొమ్మను ముందు చార్టు మీద పూర్తి సైజులో గీసి కత్తిరించి, గోడకు ఆనించి దూరం నుంచి చూడండి. కళ్లకు బాగుంటే షీటు మీదికి దించండి. రెండు పక్కల్నీ విడివిడిగా కోయకుండా ఒకదాని మీద ఒకటి పెట్టి క్లాంపులతో బిగించి జిగ్‌సాతో ఒకేసారి కోయండి. అట్లాగే బిగించి ఉంచి గరుకు కాగితం పట్టండి. అప్పుడు వంకర వచ్చినా రెండు వైపులా ఒకే వంకర వస్తుంది.

ఇంకో దారి ఉంది. పూజగది తలుపులకు జాలీ డిజైన్లు చెక్కే సీఎన్‌సీ కటింగ్ షాపులు ఇప్పుడు మన టౌన్లలో ఉన్నాయి. కంప్యూటర్‌లో గీసిన ఫైలు ఇస్తే పక్క పలకలతో పాటు బటన్ చిల్లులు కూడా కోసిస్తారు. అట్ట నమూనా కొలతల్ని ఎవరైనా ఆటోక్యాడ్ వచ్చిన వాళ్లతో గీయించుకుంటే చాలు.

పక్కలకు లోపలివైపు అంచు వెంట ఒక అంగుళం రీపర్లు ఫెవికాల్, స్క్రూలతో బిగించండి. అడుగు, తెర చట్రం, పైకప్పు అన్నీ ఆ రీపర్ల మీదే కూర్చుంటాయి. స్క్రూ తలలు లోపలే ఉంటాయి, బయట నుంచి ఒక్కటీ కనపడదు. వెనక గోడను శాశ్వతంగా మూయకండి, బీరువా కబ్జాలతో తలుపులా పెట్టండి. బటన్ల పలక కూడా కబ్జాల మీద పైకి లేచేలా ఉంటే రిపేరుకు సుఖం. పలక కింద కనీసం 4 అంగుళాల లోతు ఉండాలి. స్టిక్కు అడుగు భాగం, తీగలు అందులో ఇమడాలి.

పలకకు చిల్లులు

పొట్టి ఊచ సమస్యకు మందు ఇదే. పలకను రెండు పొరలుగా చేయండి. పైన 6 మిల్లీమీటర్ల ముక్క, కింద 12 మిల్లీమీటర్ల చట్రం. కింది చట్రంలో స్టిక్కు, బటన్లు వచ్చే చోట పెద్ద కిటికీలు కోసి తీసేయండి, అంచుల్లోనూ ఇద్దరి మధ్యలోనూ మాత్రం చెక్క మిగలాలి. స్టిక్కు 6 మిల్లీమీటర్ల పొరకే బిగుసుకుంటుంది కాబట్టి ఊచ కావలసినంత పైకొస్తుంది. మధ్య పట్టీ ఉండటం వల్ల గట్టిగా గుద్దినా పలక ఊగదు.

పైన సన్‌మైకా అతికించాక చిల్లులు పెట్టాలి. సన్‌మైకా లేకుండా వట్టి పెయింటు వేస్తే అరచేతి చెమటకు కొన్నాళ్లలో రంగు పోతుంది. నిగనిగలాడేది వద్దు, మ్యాట్ తీసుకోండి, ట్యూబులైటు కళ్లలో కొట్టదు.

అట్ట నమూనాను పైన పెట్టి ప్రతి చిల్లి మధ్యా మేకుతో గుర్తు కొట్టండి. గుర్తుల మీద మాస్కింగ్ టేపు వేయండి. ముందు 3 మిల్లీమీటర్ల సన్న బిట్టుతో ఆరపార చిల్లి పెట్టి, ఆ తర్వాత 30 మిల్లీమీటర్ల హోల్ సా (గుండ్రంగా కోసే రంపపు బిట్టు) పెట్టండి. పలక కింద పనికిరాని చెక్కముక్క ఒకటి గట్టిగా ఆనించి ఉండాలి. పైనుంచి సగం కోసి ఆపి, పలక తిప్పి కిందినుంచి మిగతా సగం కోస్తే రెండువైపులా అంచు చిట్లదు. డ్రిల్లును నిదానంగా తిప్పండి, తొందరపడితే సన్‌మైకా కాలి వాసనొస్తుంది. ఇక్కడే రెండో మనిషి చెయ్యి కావాలి. హోల్ సా పట్టుకుపోతే పలక గిర్రున తిరిగి వేళ్లకు తగులుతుంది. ఒకరు పట్టుకోండి, ఒకరు కోయండి, ఇద్దరూ కళ్లద్దాలు పెట్టుకోండి.

స్టిక్కు ఊచకు 24 మిల్లీమీటర్ల చిల్లి చాలు. దాన్ని కప్పడానికి స్టిక్కుతో పాటే గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల వస్తుంది. స్టిక్కు బిగించే నాలుగు బోల్టుల తలలు పైకి కనపడతాయి, కనపడనివ్వండి. షాపుల్లో ఉండే అసలు మిషన్ల పలకల మీద కూడా గుండ్రటి తలల బోల్టులు కనపడేవి. వాటిని దాచడానికి పడే యాతన దండగ.

తెర

పాత ఆటలు 4:3 తెరల కోసం చేసినవి. వెడల్పాటి టీవీ పెడితే పక్కల్లో నల్లపట్టీలు వచ్చి, పెట్టె అనవసరంగా వెడల్పవుతుంది. ఆఫీసుల్లో వాడి తీసేసిన 19 అంగుళాల చదరపు ఎల్‌సీడీ మానిటర్ ఈ పనికి బాగా సరిపోతుంది. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ షాపుల్లో దొరుకుతుంది. దాని రిజల్యూషన్ 1280×1024, అంటే నిక్కచ్చిగా 5:4. ఆట బొమ్మ 1280×960లో కూర్చుంటే పైనా కిందా 32 పిక్సెళ్ల పట్టీ మిగులుతుంది, ఎవరి కంటికీ ఆనదు. ప్యాక్-మ్యాన్ లాంటి నిలువు ఆటలు 768 పిక్సెళ్ల వెడల్పులో మధ్యన వస్తాయి.

షాపులోనే రెండు పరీక్షలు చేయండి. మానిటర్ వెలుగుతుండగా ప్లగ్గు పీకి మళ్లీ పెట్టండి. తనంతట తాను వెలిగితే కొనండి. కొన్ని బటన్ నొక్కితే తప్ప లేవవు. అలాంటిదాన్ని పెట్టెలో బిగిస్తే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వెనక తలుపు తీయాలి. రెండోది, మీరు మానిటర్ ముందు నిలబడి, కూర్చొని, పక్కకు జరిగి చూడండి. చౌక ఎల్‌సీడీలు కిందినుంచి చూస్తే నల్లబడతాయి. ఆట ఆడే ఎత్తు నుంచి రంగులు నిలవాలి.

స్టాండు తీసేస్తే వెనక 100 మిల్లీమీటర్ల చదరంలో నాలుగు స్క్రూ చిల్లులుంటాయి, కొన్నింటికి 75. పెట్టెలో అడ్డంగా ఒక రీపర్ వేసి దానికి ఎం4 స్క్రూలతో బిగించండి. పాత మానిటర్‌కు వీజీఏ మాత్రమే ఉంటే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్ కావాలి. తెర చుట్టూ నల్ల చార్టు కత్తిరించి, దాని మీద 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ పెడితే మానిటర్ ఫ్రేము మాయమవుతుంది.

పాత డబ్బా టీవీ పెడితే అసలు రూపం వస్తుందనేవాళ్ల మాట నిజమే. కానీ ఆ గాజు ట్యూబులో వేల వోల్టులుంటాయి, ప్లగ్గు తీసిన తర్వాత కూడా ఛార్జి నిలిచి ఉంటుంది. టీవీ రిపేరు తెలిసిన మనిషి పక్కన లేకుండా దాని వెనక మూత విప్పొద్దు.

తీగలు

చూడ్డానికి భయపెడుతుంది గానీ ఇందులో టంకం కూడా అక్కర్లేదు. ప్రతి బటన్‌కూ రెండు కాళ్లు, కిట్టులో వచ్చే తీగ రెండు కొసలూ వాటికి తొడిగి, ఇంకో కొసనున్న తెల్ల ప్లగ్గును ఎన్‌కోడర్ బోర్డు మీద గుచ్చడమే. బటన్ తీగల్లో ఏది ఏ కాలికి పెట్టినా పర్వాలేదు. స్టిక్కు తీగ మాత్రం ఒకేసారి ఐదు పిన్నుల ప్లగ్గులో వస్తుంది. స్టిక్కును ఏ దిక్కుకు తిప్పి బిగించారో చూసుకోండి. పైకి తోస్తే పక్కకు పోతే, తీగలు మార్చకుండా స్టిక్కునే 90 డిగ్రీలు తిప్పండి.

ప్రతి తీగకూ బటన్ పేరు రాసిన మాస్కింగ్ టేపు చుట్టండి. ఆర్నెల్ల తర్వాత ఎవరు తెరిచినా అర్థమవుతుంది.

ఈ బోర్డుల్ని 'జీరో డిలే' అని అమ్ముతారు. ఆలస్యం నిజంగా సున్నా అయితే కాదు, ఇంట్లో ఆడుకోవడానికి సరిపోయేంత తక్కువ. వీటితో వచ్చే అసలు చిక్కు వేరు. రెండు బోర్డులూ కంప్యూటర్‌కు ఒకేలా కనపడతాయి. ఈ రోజు ఎడమవాడు మొదటి ఆటగాడైతే, రేపు కుడివాడవుతాడు. ప్రతి బోర్డుకూ ఒక యూఎస్‌బీ పోర్టు ఖాయం చేసి, పోర్టు పక్కన 1, 2 అని రాసి, ఎప్పుడూ అందులోంచి కదపకుండా ఉంచితే ఎక్కువసార్లు గొడవ తీరుతుంది.

ప్యాక్-మ్యాన్ ఆడేవాళ్లకు ఒక చిట్కా. ఆ ఆటకు నాలుగు దిక్కులే ఉన్నాయి. ఎనిమిది దిక్కుల స్టిక్కుతో ఆడితే మలుపుల దగ్గర తప్పుతుంది. చాలా స్టిక్కుల అడుగున ఊచను ఆపే ప్లాస్టిక్ పలక ఉంటుంది, దాన్ని విప్పి తిప్పి బిగిస్తే నాలుగు దిక్కులకు మారుతుంది. కొట్లాట ఆటలకు మళ్లీ వెనక్కి తిప్పుకోవాలి.

ధ్వనికి చిన్న యూఎస్‌బీ స్పీకర్లు కొని, డబ్బాలు విప్పి, లోపలి స్పీకర్లను పేరు బోర్డు కింద బిగించండి. ఎడతెగకుండా గుయ్‌మంటుంటే వాటికి కరెంటును కంప్యూటర్ నుంచి తీయడం ఆపి, విడిగా ఫోన్ ఛార్జరు పెట్టి చూడండి.

కరెంటు, ఎండ

పెట్టె లోపల మంచి స్పైక్ గార్డు ఒకటి బిగించి అన్నీ దానికే పెట్టండి, బయటికి ఒకటే మూడు పిన్నుల తీగ రావాలి. గోడ సాకెట్టులో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. 230 వోల్టుల తీగల్ని పెట్టె లోపల కోసి అతికే పని ఎవరూ సొంతంగా చేయొద్దు. బటన్ల వైపు ఉండేది 5 వోల్టులు, అక్కడ ఎంత ధైర్యమైనా చేయొచ్చు.

మే నెలలో నెల్లూరు గదిలో మూసిన పెట్టె లోపల వేడి ఎంతుంటుందో ఊహించుకోండి. రాస్ప్‌బెర్రీ పై 4 చిప్పు 80 డిగ్రీలు దాటితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, ఆట నత్తనడక నడుస్తుంది. వెనక తలుపు కింది భాగంలో గాలి లోపలికొచ్చే చిల్లులు, పైభాగంలో 80 మిల్లీమీటర్ల ఫ్యాను పెట్టి వేడిని బయటికి తోయించండి. రెండు చోట్లా దోమల జాలి కొట్టండి, బల్లులు దూరవు.

కరెంటు పోయినప్పుడు మెమరీ కార్డు చెడిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైను మీదున్న సాకెట్టుకే పెట్టండి. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు వేయండి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే క్షణంలోనే కంప్యూటర్ ఆరిపోవచ్చు. ఆట అయ్యాక ఆపడానికి గోడ స్విచ్ వాడకూడదు. పాత పీసీ అయితే దాని పవర్ బటన్ తీగల్ని పొడిగించి పెట్టె వెనక్కి తెండి. రాస్ప్‌బెర్రీ పై అయితే 5, 6 పిన్నుల మధ్య ఒక పుష్ బటన్ పెట్టి, కాన్ఫిగ్ ఫైల్లో జీపీఐఓ షట్‌డౌన్ ఓవర్‌లే అనే సెట్టింగు ఆన్ చేస్తే, అదే బటన్ ఆపుతుంది, మళ్లీ లేపుతుంది.

కంప్యూటర్, ఆటలు

రాస్ప్‌బెర్రీ పైనే కావాలన్న నియమం లేదు. ఇంట్లో నాలుగో తరం ఐ3 లాంటి పాత ఆఫీసు పీసీ మూలన పడి ఉంటే అదే వాడండి, పెట్టెలో చోటు ఉంది. బాటోసెరా అనే ఉచిత వ్యవస్థను 32 జీబీ పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, దాన్నుంచే బూట్ చేయొచ్చు. హార్డ్ డిస్కులో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. పై 4 ఉన్నవాళ్లకు బాటోసెరా, అలాంటిదే అయిన రెట్రోపై రెండూ పనికొస్తాయి. పై 4కు 5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి, ఫోన్ ఛార్జరుతో సర్దుకుంటే ఆట మధ్యలో మెరుపు గుర్తు వస్తూనే ఉంటుంది.

బూట్ అయ్యాక మొదట చేయాల్సింది బటన్లను గుర్తించడం. ఎడమ స్టిక్కు, కుడి స్టిక్కు వరసగా అడుగుతుంది, అడిగిన బటన్ నొక్కుతూ పోవడమే. వెనక పెట్టిన బటన్‌ను హాట్‌కీగా ఇవ్వండి. దాన్ని పట్టుకొని స్టార్టు నొక్కితే ఆటలోంచి బయటికొస్తారు.

ఆటల ఫైళ్ల గురించి సూటిగా చెబుతాను. ఇవి ఎంత పాతవైనా హక్కులు ఇంకా కంపెనీలవే, నెట్‌లో దొరికే వేల ఆటల మూటలు దొంగ సరుకు. నేరుగా దొరికేవీ ఉన్నాయి. 1997లో మొదలైన మేమ్ (పాత మిషన్ల ఆటల్ని కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్) వారి సైట్‌లోనే హక్కుదారుల అనుమతితో ఉచితంగా ఇచ్చిన ఆటలున్నాయి, రాబీ రోటో, గ్రిడ్లీ లాంటివి. మిషన్ పనిచేస్తోందో లేదో చూడటానికి అవి బాగా పనికొస్తాయి. స్ట్రీట్ ఫైటర్ పాత భాగాలు పన్నెండు 2018లో 30 ఏళ్ల సంకలనంగా పీసీకి వచ్చాయి. ఇలా కొన్న ఆటలే ఆడతామనుకుంటే పాత పీసీలో విండోస్ ఉంచుకోవడమే తేలిక. మనందరి ముస్తఫా మాత్రం ఆ దారిలో దొరకదు. అది ఒక అమెరికన్ కామిక్ మీద హక్కులు తీసుకొని చేసిన ఆట. 2018లోనే క్యాప్‌కామ్ తెచ్చిన కొట్లాట ఆటల సంకలనంలో కూడా లేదు.

ఆట ఫైలు పెట్టినా తెరుచుకోకపోతే ఎక్కువసార్లు కారణం ఒకటే: ఆ ఫైలు ఒక మేమ్ వెర్షన్‌కు చేసినది, మీ దగ్గరున్నది ఇంకొకటి. రెండూ జత కుదరాలి. ఆట తెరుచుకొని, బటన్ నొక్కాక కాస్త ఆగి దెబ్బ పడుతున్నట్టనిపిస్తే లోపల ఆటలు నడిపే రెట్రోఆర్చ్ సెట్టింగుల్లో ఆలస్యం తగ్గించే రన్-అహెడ్‌ను ఒక ఫ్రేముకు పెట్టండి. ఒక ఫ్రేమంటే సెకనులో 60వ వంతు. అంతకంటే పెంచితే పాత పీసీ ఆయాసపడుతుంది.

బోర్డు, స్టిక్కర్లు, కాయిన్లు

పేరు బోర్డుకు పుట్టినరోజు ఫ్లెక్సీలు కొట్టే షాపులోనే బ్యాక్‌లిట్ ఫ్లెక్స్ మీద కొట్టించండి. మామూలు ఫ్లెక్స్ వెనక లైటు పెడితే మచ్చలు మచ్చలుగా కనపడుతుంది. వెనక 12 వోల్టుల ఎల్ఈడీ పట్టీ ఒకటి చాలు. పక్క పలకల మీద బొమ్మలకు బైకులకు స్టిక్కర్లు కోసే రేడియం షాపు ఉంది. పేరేం పెట్టాలో అన్నదాని మీద మా ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు, ఎడమవైపు ఒక పేరు, కుడివైపు ఒక పేరు ఉన్నాయి.

నిజం కాయిన్ వేసి ఆడాలని పిల్లలు పట్టుబడతారు. పలు రకాల నాణేలను గుర్తించే యంత్రాలు దొరుకుతాయి. ఒక్కో నాణేన్ని చాలాసార్లు వేసి దానికి నేర్పించాలి. మన రూపాయి బిళ్లలు పాత పెద్దవి, కొత్త చిన్నవి కలిసి తిరుగుతున్నాయి కాబట్టి ఒక్కో సైజును విడి నాణెంగా నేర్పించాలి. ఒకే సైజు టోకెన్లు కొనుక్కుంటే ఈ బాధ లేదు. ఆ యంత్రం 12 వోల్టులతో నడుస్తుంది, దాని తీగను ఎన్‌కోడర్ బోర్డుకు నేరుగా ఇస్తే బోర్డు పోతుంది. మధ్యలో చిన్న రిలే (కరెంటు అందితే తనే కలిసే స్విచ్) పెట్టి, ఆ రిలే కాళ్లను కాయిన్ బటన్ తీగలకు కలపండి.

కిట్టు కొనేటప్పుడే నాలుగు మైక్రోస్విచ్‌లు అదనంగా తీసుకొని, చిన్న కవర్లో వేసి వెనక తలుపు లోపలివైపు అంటించండి. మొదట చెడిపోయేది ఎప్పుడూ మొదటి ఆటగాడి కొట్టే బటన్ స్విచ్చే. రెండు తీగలు లాగి, పాతది పీకి, కొత్తది గుచ్చి, తీగలు పెట్టేయడమే.